మెట్ల కింద రెండో తలుపు

గల్ఫులో, జుమేరాలో నేను పనిచేసిన ఇంట్లో పొద్దుటి ఫలహారం దగ్గర రోజూ ఒకటే గొడవ. వాళ్ల సొంతూరు బీరూట్‌లో అన్నిటికన్నా ఖరీదైన పేట ఏది? అత్త ఒక పేరు చెప్పేది, కోడలు ఇంకో పేరు చెప్పేది. అక్కడ యుద్ధం మొదలై అప్పటికి మూడేళ్లు దాటింది. వాళ్లు చెప్పుకునే ఇళ్లలో ఎన్నింటికి పైకప్పులు మిగిలాయో వాళ్లకే తెలియదు. అయినా రొట్టెముక్క ఆలివ్ నూనెలో ముంచుకుంటూ ఆ ఇళ్ల కోసం ఒకరినొకరు పొడుచుకునేవాళ్లు. నేను ఇన్సులిన్ సిరంజి పట్టుకుని, వాళ్లు ఊపిరి తీసుకునే సందు కోసం పక్కన నిలబడి ఉండేదాన్ని.

ముసలావిడకి నేను నర్సుని. ఇంట్లో అందరూ ఆవిడని ‘తేతా’ అనేవాళ్లు, వాళ్ల భాషలో నాయనమ్మ అని. చక్కెర జబ్బు, ఎడమ పాదానికి మానని పుండు, చూపు బాగా తగ్గింది. కొడుకు కాంట్రాక్టరు. ఊళ్లో సగం విల్లాలు ఆయనే కడుతున్నట్టు మాట్లాడేవాడు. నా వీసా ఆయన మీద ఉంది కాబట్టి నా కఫీల్, అంటే పూచీదారు, ఆయనే, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే. ఆయన్ని నేను ‘సారు’ అని, కోడలిని ‘మేడమ్’ అని అనేదాన్ని. పిల్లలిద్దరూ ఇంగ్లండులో హాస్టలు బడిలో ఉండేవాళ్లు. ఏలూరులో నాకు ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు ఆసుపత్రి అని చెప్పాడు. విమానం దిగాక అది ఇల్లు అని తెలిసింది. పుండు కట్టుకట్టడం ఒక గంట పని. మిగతా రోజంతా ఇస్త్రీ, పార్స్లీ ఆకు తరగడం, వెండి గిన్నెలు తోమడం.

తేతా లెక్కలో మొదటి స్థానం అష్రఫియేది. అది ఊరికి తూర్పున కొండ. ఎర్ర పెంకుల కప్పులు, మూడేసి కమానుల కిటికీలు, లోపల పాలరాతి చావిడి, పెరట్లో చేదు నారింజ చెట్లు, ఇనుప గేటు మీద ఇంటిపేరు మొదటి అక్షరాలు. ఆ కొండ మీద ఇల్లు కొనాలంటే డబ్బు చాలదట, ఎవరైనా చచ్చిపోవాలట. తర్వాత కంతారి. అక్కడ మంత్రులు, పెద్ద డాక్టర్లు ఉంటారు, “కాస్త పరవాలేదు.” తర్వాత సముద్రంలో రాళ్లు కనబడే రౌషే. “రాళ్లు చూడ్డానికి అద్దె కట్టే వెర్రివాళ్ల పేట.” అన్నిటికన్నా అట్టడుగున రమ్లెత్ అల్ బైదా. అది సముద్రపు ఒడ్డున కొత్తగా లేచిన ఎత్తైన మేడల పేట. మేడమ్ పుట్టిల్లు అక్కడే, ఎనిమిదో అంతస్తులో.

“మీ నాన్న ఇసుక కొన్నాడు, హబీబ్తీ,” అనేది తేతా, ‘నా బంగారమా’ అన్నట్టు. “ఇసుకకి ధర ఉంటుంది. పరువు ఉండదు.”

“మీ కొండమీద పరువుగలవాళ్లకి స్నానానికి వేడినీళ్లు ఉండేవి కావట కదా, తేతా. మా అమ్మ చెప్పింది.”

“మీ అమ్మని కొండమీదికి ఎవరు పిలిచారు?”

“ఎవరూ పిలవలేదు. లిఫ్టు లేని పేటకి మా అమ్మ వెళ్లదు.”

సారు ఆ సమయానికి వార్తాపత్రికని మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారి అది తలకిందులుగా ఉంది.

వాళ్లిద్దరికీ ఒక్క విషయంలో పొత్తు కుదిరేది, అది నేను. ఒకరోజు తేతా, “మీ ఊళ్లో ఖరీదైన పేట ఏది, బింత్?” అని అడిగింది. బింత్ అంటే పిల్లా అని. నేను జవాబు ఆలోచిస్తూ ఉండగా మేడమ్ అంది, “పాములు లేని పేట అయ్యుంటుంది.” ఇద్దరూ పడిపడి నవ్వారు. తేతా నవ్వుతూ నా చేతి మీద చరిచింది, చేతిలో సిరంజి ఉందని కూడా చూడకుండా.

నాకు నోరు లేదని మా ఇంట్లో కూడా అనేవారు. నాకు నోరు నోటుబుక్కులో ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా రెండు గంటలు పడుకునేది. వంటగది పక్కన నా గది. దాని కిటికీ ఏసీ లారీలా మొరిగేది, దాని కింద కూర్చుని రాసేదాన్ని. ఊరి నుంచి తెచ్చుకున్న నాలుగు నవలలూ అట్టలు ఊడేదాకా చదివేశాను. కొత్త పుస్తకం దొరికే దారి లేదు. అందుకని ఆ ఇంట్లో వినబడిన మాటలన్నీ రాసుకునేదాన్ని, తర్వాత చదువుకోవడానికి నాకేదో ఒకటి ఉండాలి కదా. అందులో నేను మంచిదాన్ని కాదు. మేడమ్ మెడ గురించి, సారు పిరికితనం గురించి, తేతా పాదం వాసన గురించి, నోటితో ఎన్నడూ అనలేనివన్నీ రాశాను. మా గోడ పక్కన సారు కంపెనీయే ఇంకో విల్లా కడుతోంది. అక్కడ పనిచేసే మనుషుల్లో చాలామంది కరీంనగర్ వైపు వాళ్లు. పరంజా ఎక్కితే మా వంటగది గుమ్మం కనబడుతుంది. వాళ్ల గురించి కూడా రాశాను. వాళ్ల చూపుల గురించి, చెమట కంపు గురించి, వాళ్ల నోట్లో తెలుగు వింటే అది నా భాషేనని ఒప్పుకోవాలంటే సిగ్గేస్తుందని. ఇవాళ ఆ వాక్యం తలుచుకుంటేనే నాకు సిగ్గు.

ఎక్కువ పేజీలు మాత్రం బీరూట్ గురించే. కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియకుండా తేతా అష్రఫియే గురించి చెప్పుకుపోయేది. ఏ వీధి తర్వాత ఏ వీధి, ఏ ఇంటివాళ్లు ఎప్పుడు ఎటు పారిపోయారు, వెళ్తూ వెళ్తూ వెండి సామాను ఏ గోడలో పెట్టి గిలాబా చేయించారు, అన్నీ. నేను ఆ కొండకి పటం గీశాను. ఇళ్లకి అంకెలు వేసి పక్క పేజీలో వివరాలు రాశాను. అలా రాస్తూ రాస్తూ ఉండగా నాకు ఒక సంగతి తట్టింది.

ఆవిడకి ఆ ఇళ్ల భోజనాల గదులు తెలియవు. ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసేది. వంటింటి తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో తెలుసు. వెనక మెట్లు తెలుసు. ప్రతి ఇంట్లోనూ నిలువుటద్దం ఉన్న గది ఏదో, అందులో వెలుతురు ఏ వేళ బాగుంటుందో తెలుసు. ఫలానా ఇల్లాలికి కుడిభుజం కిందికి వాలి ఉంటుంది, ఫలానా పెద్దకూతురి నడుము ఒక్క ఏడాదిలో ఎంత లావైంది, ఇవీ తెలుసు. ఆ కొండ మీదివాళ్లు కార్లలో తిరుగుతారు. తేతా ఏ ఇంటి దారి చెప్పినా కింద బజారువీధి నుంచి పైకి పోయే రాతిమెట్ల దగ్గర మొదలుపెట్టేది. మూటతో ఎక్కేవాళ్లు ఏ మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటారో, ఏ మెట్టు విరిగిందో ఆవిడకి తెలుసు. “మెట్ల మొదట్లో ఎడమ పక్క రెండో తలుపు. ఎండాకాలం అక్కడ ఎంత చల్లగా ఉండేదో. మిషను కిటికీ దగ్గర పెడితే సాయంత్రం దాకా దీపం అక్కర్లేదు,” అంది ఒకరోజు. అనేసి, నోరు మూసుకుని, పాదం గట్టిగా కట్టావని నన్ను తిట్టింది.

ఆ మధ్యాహ్నం నోటుబుక్కులో ఇలా రాశాను: “ఇవాళ ముసలిదాని బండారం తెలిసింది. ఇది కొండ మీది దొరసాని కాదు. కొండ మీది దొరసానులకి గౌన్లు కుట్టిన మనిషి. మెట్ల కింద రెండో తలుపు దీనిది. కోడలికి తెలిస్తే పండగే.” పటంలో ఆ తలుపు కూడా గీసి, కిటికీలో చిన్న కుట్టుమిషను బొమ్మ వేశాను. చాలా రోజుల తర్వాత ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది.

మేడమ్‌కి ఈ సంగతి తెలిసే వీలు లేదు. సారు చిన్నప్పటి నుంచి కొండల్లో ఫాదర్ల హాస్టల్లో చదువుకున్నాడు. మేడమ్ ఆయన్ని కువైట్‌లో కలుసుకుని పెళ్లి చేసుకుంది. ఆయన ‘మాది అష్రఫియే’ అనేవాడు. మెట్ల కింది వీధివాళ్లు కూడా బయటి ఊళ్లో అలాగే చెప్పుకుంటారట. సెలవులకి బీరూట్ వెళ్లినా మేడమ్ పుట్టింట్లోనే దిగేవాళ్లు, తేతాయే అక్కడికి వచ్చేది. ఇప్పుడు వెళ్లి చూద్దామంటే యుద్ధం.

నాకు ఆ ఇంటి నుంచి బయటపడే దారి ఒకటి దొరికింది. అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రిలో మా ఊరి నర్సు పనిచేస్తోంది. అక్కడ ఖాళీ ఉందని, నా సర్టిఫికెట్లు చూసి ఒప్పుకున్నారని ఉత్తరం రాసింది. అయితే నేను వేరే చోట చేరడానికి ఒప్పుకుంటున్నట్టు కఫీల్ రిలీజ్ కాగితం ఇవ్వాలి. నెలాఖరులోగా అది తెస్తే ఉద్యోగం నాది, లేకపోతే ఆ వరుసలో ఉన్న ఇంకొకరిది. సారుని అడిగాను. రెండు రోజులు మాటలు కూడగట్టుకుని అడిగాను. “చూద్దాం, సిస్టర్,” అన్నాడు. వారం తర్వాత అడిగితే మళ్లీ “చూద్దాం.” మూడోసారి మేడమ్ జవాబు చెప్పింది. “మా వీసా మీద వచ్చింది. మేము పొమ్మన్నప్పుడు పోతుంది.” నెలాఖరుకి తొమ్మిది రోజులు మిగిలాయి.

ఆ శుక్రవారం చర్చికి వెళ్లి వచ్చేసరికి హాల్లో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద నా నోటుబుక్కు, పటం ఉన్న పేజీ తెరిచి ఉంది. నెలకోసారి మేడమ్ పనివాళ్ల గదులు వెతుకుతుందని నాకు తెలుసు. పరుపు కింద పెడితే చూడదనుకున్నాను.

“ఇదేమిటి?” అంది మేడమ్. “ఇవి అష్రఫియే ఇళ్లు. కమానులు చూస్తే చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. ఈ అంకెలేమిటి? ఈ గోడల మీద గుర్తులేమిటి?”

బీరూట్‌లో ఖాళీ ఇళ్లలో దొంగలు పడుతున్నారని, ఏ ఇంట్లో ఏముందో ముందే ఎవరో చెబుతున్నారని అప్పట్లో ఆ ఇంటికి వచ్చే చుట్టాలందరూ అనేవారు. మేడమ్ ఆ మాటలన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టింది. నేను వెండి గోడల పటం గీసి ఎవరికో అమ్ముతున్నానట.

“తేతా చెప్పింది రాసుకున్నాను మేడమ్,” అన్నాను.

“రాసుకుంటే ఇంగ్లీషులో రాసుకోవచ్చుగా. ఈ జిలేబీ రాతలో ఎందుకు? మాకు తెలియకూడదనేగా?” సారు వైపు తిరిగింది. “పోలీసుకి అప్పగించు.”

పోలీసుల దగ్గరికి వెళ్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. దొంగతనం మాట వస్తే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. అల్ ఐన్ సంగతి దేవుడెరుగు, మళ్లీ ఆ దేశంలో కాలు పెట్టనివ్వరు.

సారు గడ్డం గోక్కున్నాడు. “ముందు ఇందులో ఏముందో చదివిద్దాం,” అని పక్క కట్టడం నుంచి ఒక తెలుగు మనిషిని పిలిపించాడు. వచ్చింది గిలాబా మేస్త్రీ. నలభై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా సిమెంటు. వాళ్ల క్యాంపులో చదువురానివాళ్ల ఉత్తరాలు చదివేది, రాసేది ఆయనేనట. తివాచీ మీద కాలు పెట్టడానికి జంకి గుమ్మంలోనే నిలబడ్డాడు. సారు నోటుబుక్కు చేతికిచ్చి, సైట్లో మాట్లాడే హిందీలో అడిగాడు, “చదివి చెప్పు. దొంగతనం మాట ఏమైనా ఉందా?”

మేస్త్రీ చేతులు లాగుకి తుడుచుకుని పుస్తకం పట్టుకున్నాడు. మేడమ్ పైకి చదవమంది. ఆయన హిందీలో, “జర ఠైరో సాబ్. పహ్‌లే అందర్ పఢ్‌తా,” అని, నా వైపు చూడకుండా తెలుగులో అన్నాడు. “ముందుగాల లోపల సదువుకుంట. క్యాంపుల గూడ గట్లనే. సావు కబురు గిట్ల ఉంటే, ఆని పెండ్లాం గురించి ఏదన్న రాసి ఉంటే, పైకి ఎట్ల సదువుతం? ఆడు అన్నం తిన్నంక చెప్తం. కొన్నయితే చెప్పనే చెప్పం.”

తర్వాత చదవడం మొదలుపెట్టాడు, పెదాలు కదుపుతూ. ఒక పేజీ, రెండు, ఐదు. మేడమ్ బల్ల మీద వేళ్లతో తాళం వేస్తోంది. తేతా పటం ఉన్న పేజీని అంతకుముందే కళ్లకి ఆనించుకుని చూసిందని నాకప్పుడు తెలియదు. మేస్త్రీ ఒకచోట ఆగిపోయాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. అప్పుడు నా వైపు చూశాడు.

“మేం గలీజు మనుషులమా, అమ్మా?” అన్నాడు. గొంతు పెంచలేదు. ఉత్తరం చదువుతున్నట్టే పుస్తకంలోకి చూస్తూ అన్నాడు. “పరంజా మీదికెల్లి నీ దిక్కు చూస్తున్నమా? గోడ సాపు చూడక నిన్ను చూస్తమా?”

“అన్నా, తప్పయిపోయిందండి,” అన్నాను.

“మా మాట ఇంటె నీకు సిగ్గా? మరి గిప్పుడు గా మాటే నీకు దిక్కయింది.” పేజీ తిప్పాడు. “గీ ముసలామె సంగతి గూడ ఉన్నది. బట్టలు కుట్టే మనిషని. కోడలికి ఎర్క లేదా?”

“లేదండి. అది మాత్రం చదవొద్దన్నా. మీకు దండం పెడతాను.”

“ఏమంటున్నాడు?” అంది మేడమ్ అరబ్బీలో. సారు, “చదువుతున్నాడు,” అన్నాడు.

“దండాలేం వద్దు గని,” అన్నాడు మేస్త్రీ. పుస్తకం మూసి సారుతో హిందీలో చెప్పాడు. “సాబ్, ఇస్ మే రాస్తా లిఖా, మకాన్ లిఖా. అమ్మాజీ నే జో బోలా వహీ లిఖా. చోరీ కా బాత్ నహీ హై.”

దారులు, ఇళ్లు, అమ్మ చెప్పినవే రాసి ఉన్నాయని, దొంగతనం మాట లేదని సారు అరబ్బీలో చెప్పాడు. మేడమ్ నమ్మలేదు. “ఇన్ని పేజీలు చదివి ఇంతేనా? వీడూ దాని మనిషే. ఇద్దరూ ఒక చోటి వాళ్లు.” ఇద్దరం ఒక చోటి వాళ్లమన్న మాటకి మేస్త్రీ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన మొహంలో స్నేహం లేదు.

అప్పుడు మేడమ్ తేతాని అడిగింది. “మీరు చెప్పండి. ఈ దారులు, ఈ ఇళ్లు మీరే చెప్పారా?”

తేతా కర్ర మీద రెండు చేతులూ ఆన్చి కూర్చుని ఉంది. ఆవిడ నన్ను ఇష్టపడదని తెలుసు. అయినా ఆ ఒక్క మాట చెబుతుందని నేను నమ్మాను. ఏడాదిన్నర నుంచి ఆ పాదం నా ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టాను.

“నేను చెప్పలేదు,” అంది తేతా. “ఈ పటం మెట్ల కింద నుంచి మొదలవుతోంది. నేను మెట్ల మీద నుంచి ఎందుకు చెబుతాను? మాకు కారు ఉండేది. ఇది ఎక్కడో విని రాసింది. దొంగది.”

సారు తల్లి మొహం చూడలేదు. తివాచీ చూస్తున్నాడు. ఆయనకి తెలుసని నాకు అర్థమైంది. నా జీవితంలో ఎవరి ఎదుటా అంత గట్టిగా మాట్లాడి ఎరగను. అరబ్బీలోనే, అందరికీ వినబడేలా అన్నాను. “తేతా, మెట్ల మొదట్లో ఎడమ పక్క రెండో తలుపు ఎవరిదో మేడమ్‌కి చెప్పమంటారా?”

తేతా కర్ర జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

“ఖలాస్!” అని అరిచాడు సారు. ఆయన అరవగా వినడం అదే మొదటిసారి. “ఖలాస్. ఆ దారులు మా అమ్మ నాకూ చెప్పింది. నాకు గుర్తున్నాయి. పోలీసు లేదు, ఏమీ లేదు. ఈ పిల్లకి రిలీజ్ ఇచ్చి పంపేస్తున్నాను.” మేస్త్రీ వైపు తిరిగి, “నువ్వు పో,” అన్నాడు. మేస్త్రీ పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దాని అట్ట మీద ఆయన బొటనవేలి సిమెంటు ముద్ర పడింది. నేను ఆయనకి థాంక్స్ చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. పరంజా మీద ఉన్న మనిషిని గోడ ఇవతల నుంచి పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

సారు మాట నిలబెట్టుకున్నాడు. మూడు రోజుల్లో సంతకం, ముద్ర, అన్నీ అయ్యాయి. పాస్‌పోర్టు, రిలీజ్ కాగితం ఒక కవర్లో పెట్టి ఇంటికి పంపాడు. ఆయన ఆ వారం అబూ దాబీలో ఉన్నాడు. ఎదురుపడకూడదనే వెళ్లాడనుకుంటాను. మర్నాడు పొద్దున డ్రైవరు నన్ను అల్ ఐన్ టాక్సీలు ఆగేచోట దింపుతాడని చెప్పించాడు.

మధ్యాహ్నం నేను పెట్టె సర్దుకుంటూ ఉండగా మేడమ్ నా గదిలోకి వచ్చింది. ఆ గదిలోకి నేను ఉన్నప్పుడు ఆవిడ రావడం అదే మొదటిసారి. మంచం మీద కూర్చుంది. కవరు ఆవిడ ఒళ్లో ఉంది.

“రెండో తలుపు ఎవరిది?” అంది.

“నాకు తెలియదు మేడమ్.”

“తెలియకపోతే మా అత్త కర్ర ఎందుకు పడిపోయింది? నా మొగుడు ఎందుకు అరిచాడు? పదకొండేళ్ల కాపురంలో ఆయన నా మీద కూడా అరవలేదు.” కవరుతో విసురుకుంది. “రేపు పొద్దున దీన్ని నేను మర్చిపోవచ్చు. బీరువా తాళం కనబడకపోవచ్చు. నెలాఖరు ఎప్పుడు? ఎల్లుండి కదా?”

సారుకి ఫోన్ చేస్తానని అనవచ్చు. ఆ ఇంట్లో ఫోను మేడమ్ గదిలో ఉంది. ఏడ్చి బతిమాలవచ్చు, అది ఆవిడకి ఇష్టమైన పనే. అబద్ధం చెప్పవచ్చు. తర్వాత ఎన్నో మంచి అబద్ధాలు తట్టాయి నాకు. పాత దాసీ ఇల్లు అనవచ్చు, సారు చిన్నప్పటి స్నేహితురాలు అనవచ్చు. ఆ మధ్యాహ్నం మాత్రం నా ఎదురుగా ‘నేను చెప్పలేదు, దొంగది’ అన్న తేతా మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు.

చెప్పాను. మెట్ల దగ్గర నుంచి, కిటికీలో మిషను దాకా, భుజం వాలిన ఇల్లాలి దాకా చెప్పాను. అడిగిన దానికన్నా ఎక్కువే చెప్పాను. చెబుతూ ఉంటే నా అరబ్బీ ఎంత బాగుందో నాకే ఆశ్చర్యం వేసింది.

మేడమ్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కవరుతో విసురుకోవడం ఆపేసింది. “దర్జీది,” అంది చివరికి, తనలో తాను. “పదకొండేళ్లు నన్ను ఇసుక ఇసుక అంది, దర్జీది.” కవరు మంచం మీద పడేసి వెళ్లిపోయింది. తీసి చూశాను. అన్నీ ఉన్నాయి.

మర్నాడు పొద్దున తేతాకి ఆఖరి ఇన్సులిన్ ఇవ్వడానికి ఫలహారం బల్ల దగ్గరికి వెళ్లాను. తేతా చెయ్యి చాపింది, నా వైపు చూడకుండా. సూది తీసి దూది అద్దుతూ ఉండగా మేడమ్ వచ్చింది. చేతిలో ఒక నీలం సిల్కు స్కర్టు. దాన్ని తేతా పళ్లెం పక్కన, ఆలివ్‌ల గిన్నె మీద పడేలా వేసింది.

“అంచు ఊడింది, తేతా,” అంది తీయగా. “కుట్టిపెడతారా? ఈ ఊళ్లో మంచి దర్జీలు దొరకడం లేదు.”

నేను దూది పట్టుకుని నిలబడిపోయాను. తేతా ముందుకి వంగింది. చెయ్యి చాపి, స్కర్టుని తడిమి, దగ్గరికి లాక్కుంది. వేళ్లతో అంచు వెంట వెళ్లింది. లోపలి వైపుకి తిప్పింది. కుట్టు దగ్గర బొటనవేలు ఆపి, ఒక్క దారం తెంపి, దాన్ని వేళ్ల మధ్య నలిపింది.

“ఎవడు కుట్టాడు దీన్ని?” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గొప్పలు లేవు అందులో, ఒట్టి కోపం. “సిల్కుకి నూలు దారం వేశాడు. గాడిద. దీనికి ఎంత ఇచ్చావు? రమ్లెత్ అల్ బైదాలో ఇదేనా మీరు కట్టుకునేది? నా దగ్గర పనిచేసే పిల్ల ఇలా కుడితే చెవి మెలిపెట్టేదాన్ని.”

మేడమ్ ఆలివ్‌ల గిన్నె పక్కకి జరిపింది.

“నా పెట్టెలో కింద సూదుల డబ్బా ఉంది. తీసుకురా,” అంది తేతా. ఎవరితో అందో తెలియక ఇద్దరం నిలబడ్డాం. చివరికి మేడమే వెళ్లి తెచ్చింది. తేతా ఒక సన్నటి సూది ఎంచి, నీలం దారం తెంపి, కళ్ల దగ్గర పెట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

తేతా సూదీ దారం నా వైపు చాపింది. “చెప్పడం వచ్చుగా నీకు,” అంది. “ఇదీ నువ్వే చెయ్యి.”

చేతిలో దూది బల్ల మీద పెట్టాను. నేను నర్సుని, నా చేతులు వణకవు. మొదటిసారి ఎక్కలేదు, రెండోసారీ ఎక్కలేదు. హారన్ మళ్లీ మోగింది. మూడోసారి ఎక్కింది. తేతా సూది లాక్కుని, చివర ముడి వేసి, స్కర్టు మీదికి వంగింది. నేను వెళ్లొస్తానంటే తల ఎత్తలేదు. “వెలుతురుకి అడ్డం లే,” అంది.

పెట్టె తీసుకుని కారెక్కాను. కవరు అల్ ఐన్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.